పెరట్లో పక్షులు, ఉడుతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి పెరట్లో ఒక జామ, ఒక మునగ, రెండు కొబ్బరి చెట్లు ఉన్నాయి. ప్రహరీగోడ అవతల పెద్ద వేపచెట్టు ఉంది. రాజమహేంద్రవరం శివారులోని ఈ కొద్దిపాటి జాగాలో పన్నెండేళ్ళుగా పక్షులను, ఉడుతలను చూస్తూ, చూసినది రాసుకుంటూ ఉన్నాను. ఇరుగుపొరుగువారు, బంధువులు, వారి పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

పక్షులను గమనించడం ఎలా మొదలుపెట్టాలి?

ఒక కుర్చీ, ఒక నోటుపుస్తకం, తెల్లవారగానే లేచే అలవాటు ఉంటే చాలు. సూర్యోదయం తరువాత సుమారు రెండు గంటలు, మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గినప్పటి నుంచి చీకటి పడేదాకా పక్షుల సందడి ఎక్కువగా ఉంటుంది. నడి మధ్యాహ్నం, ముఖ్యంగా వేసవిలో, అవి నీడలో ముక్కు తెరచి రొప్పుతూ కూర్చుంటాయి తప్ప పెద్దగా కదలవు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు, కనీసం ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలని నేను గట్టిగా చెబుతాను. మనం బయటికి రాగానే మొదట ఉడుత అరుస్తుంది, గోరింకలు గోడ మీదికి ఎగురుతాయి, మిగిలినవి ఆకుల చాటుకు వెళతాయి. పది నిమిషాలకు అవి మనను మరచి తమ పనిలో పడతాయి. చాలామంది ఆ పది నిమిషాలూ ఓపిక పట్టలేక, తమ పెరట్లో ఏమీ లేదని లేచిపోతారు.

బైనాక్యులర్లు తప్పనిసరా?

తప్పనిసరి కాదు. మొదటి మూడేళ్ళు నా దగ్గర అవి లేనే లేవు. కొనదలచినవారు 8×42 రకం తీసుకోవచ్చు. ఇందులో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో ఆ సంఖ్య, 42 అంటే ముందున్న కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. పది రెట్లు చూపించేవి మేలనుకుంటారు గాని, చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరిగి కనిపిస్తుంది కాబట్టి కొత్తవారికి అవి ఇబ్బందిగా ఉంటాయి.

మన ఇళ్ళ చుట్టూ సాధారణంగా ఏ పక్షులు కనిపిస్తాయి?

కాకి, గోరింక, పావురం, గువ్వ, చిలుక, పిగిలిపిట్ట, తేనెపిట్ట, దర్జీపిట్ట, కోకిల, జెముడుకాకి, నల్లంచి, లకుముకిపిట్ట, కంసాలిపిట్ట అనేవి కోస్తాలోనైనా, తెలంగాణలోనైనా చెట్టూ చేమా ఉన్న వీధిలో దాదాపు ఏడాది పొడవునా దొరుకుతాయి. పిగిలిపిట్టకు తల మీద చిన్న నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ ఉంటాయి. కంసాలిపిట్ట కనిపించడం అరుదు, వినిపించడం మాత్రం రోజూ. ఎండవేళ ఎక్కడో రాగిరేకు మీద సుత్తితో కొడుతున్నట్టు ‘టుక్, టుక్, టుక్’ అని ఆగకుండా వచ్చే చప్పుడు దానిదే. నుదుట ఎర్రని బొట్టు ఉన్న ఈ ఆకుపచ్చని పిట్ట పిచ్చుక కంటే కొంచెమే పెద్దది, పైగా ఆకు రంగులో కలిసిపోతుంది. కరెంటు తీగ మీద నిటారుగా కూర్చుని, చీలిన పొడవాటి తోక వేలాడవేసే నల్లపిట్టను పల్లెల్లో పసులపోలిగాడు అంటారు. మేసే పశువుల వెంట తిరుగుతూ, వాటి కాళ్ళ కింద నుంచి ఎగిరే పురుగులను అది పట్టుకుంటుంది. చీకటి పడ్డాక వేపకొమ్మ మీద పసుపు కళ్ళతో గుండ్రంగా కూర్చునేది పైడికంటి. దాని అరుపు వింటే కీడు అని కొందరు రాళ్ళు వేస్తారు. ఎలుకలను, పురుగులను తిని మనకు మేలు చేసే పక్షిని అలా తరమడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

ఒకేలా కనిపించే పక్షులను ఎలా గుర్తుపట్టాలి?

రంగు కంటే ముందు పరిమాణం చూడండి. పిచ్చుకంత, గోరింకంత, కాకంత అని మూడు కొలతలు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. ఆ తరువాత ముక్కు ఆకారం, తోక పొడవు, నేల మీద గెంతుతుందా నడుస్తుందా అన్నది చూసి, చివరన రంగు రాసుకోవాలి, ఎందుకంటే ఎండ ఎటు పడుతుందో దాన్నిబట్టి రంగు మారిపోతుంది. ఊదా తేనెపిట్ట మగది నీడలో బొగ్గులా ఉంటుంది, ఎండ తగలగానే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఇళ్ళ మధ్య తిరిగే కాకికి మెడ బూడిదరంగులో ఉంటుంది. ఒళ్ళంతా నల్లగా, ముక్కు లావుగా, గొంతు బొంగురుగా ఉంటే అది మాలకాకి. చిలుకల్లో మగదానికి మాత్రమే మెడ చుట్టూ నలుపు, గులాబి రంగుల వలయం ఉంటుంది, అది కూడా రెండు మూడేళ్ళ వయసు వచ్చాకే ఏర్పడుతుంది. కాబట్టి వలయం లేని ప్రతి చిలుకా ఆడదని రాసుకోకూడదు.

పేర్ల విషయంలో ఒక మాట. ఒకే పిట్టకు జిల్లాకొక పేరు ఉంటుంది. పుస్తకంలో ఉన్న పేరుతో పాటు మీ ఊళ్ళో పెద్దవాళ్ళు పిలిచే పేరును కూడా తప్పక అడిగి రాసుకోండి, ఆ పేర్లు వారితోనే పోతున్నాయి.

‘కుహూ’ అని కూసేది ఆడ కోకిలేనా?

కాదు, కూసేది మగ కోకిల. కంఠం బాగున్న ఆడపిల్లను కోకిలతో పోల్చడం మనకు అలవాటు కాబట్టి ఈ పొరపాటు నిలిచిపోయింది. మగది నిగనిగలాడే నలుపు, కళ్ళు ఎరుపు. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్లని చుక్కలతో వేరే పక్షిలా ఉంటుంది. అది ‘కిక్, కిక్, కిక్’ అని కరుకుగా అరుస్తూ కొమ్మలు మారుతుంది. రెండూ పళ్ళ మీదే ఎక్కువగా బతుకుతాయి. వేపపళ్ళు రాలే రోజుల్లో మా గోడ అవతల వాటి హడావిడి అంతా ఇంతా కాదు.

కోకిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్లు పెడుతుంది, పిల్లను కాకే సాకుతుంది. ఒక ఏడాది జూన్‌లో మా కొబ్బరిచెట్టు మట్ట మీద కూర్చున్న నల్లని పిల్ల ఒకటి రెక్కలు అల్లాడిస్తూ, ఎర్రని నోరు బార్లా తెరచి, గొంతు చించుకుని అరుస్తుంటే, కాకి ఒకటి ఎక్కడినుంచో అన్నం ముద్ద తెచ్చి దాని నోట్లో కుక్కి, మళ్ళీ పరుగున వెళ్ళింది. పక్కింటి అబ్బాయి చాలాసేపు చూసి, “అత్తా, కాకికి చుక్కల పిల్ల ఎలా పుట్టింది?” అని అడిగాడు. ఆ పిల్ల రెక్కల మీది లేత చుక్కలు నాకు కనబడింది వాడు అడిగిన తరువాతే.

పిచ్చుకలు ఎక్కడికి పోయాయి? మళ్ళీ రప్పించవచ్చా?

పిచ్చుక అంతరించిపోలేదు. 2020లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదిక దేశమంతటా కలిపి చూస్తే వాటి సంఖ్య స్థిరంగానే ఉందని, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గిందని చెప్పింది. కారణాలను మన ఇళ్ళలోనే వెతకాలి. పెంకుటింటి వాసాల సందులు, తాటాకు చూరు, గోడల్లో వదిలిన గూళ్ళు వాటికి నివాసాలు; సిమెంటు డాబాకు అటువంటి సందు ఒక్కటీ ఉండదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గాని, దాని పిల్లలకు మొదటి రోజుల్లో మెత్తని పురుగులే కావాలి. పెరట్లో మందు కొట్టి పురుగును లేకుండా చేసినవారు పిచ్చుక పిల్ల నోటి దగ్గరి కూడు తీసినట్టే.

మా అమ్మమ్మగారిది కోనసీమ. కోతలు కాగానే మంచి కంకులు ఏరి, కుచ్చులుగా అల్లి వసారా చూరుకు వేలాడదీసేవారు. కుచ్చు కొనను పట్టుకుని తలకిందులుగా ఊగుతూ పిచ్చుకలు ఒక్కొక్క గింజను ముక్కుతో అటూ ఇటూ తిప్పి పొట్టు వలిచి తినేవి; కింద అరుగు మీద ఊక సన్నగా రాలుతుండేది. ఈ కుచ్చులు ఇప్పటికీ అక్కడక్కడ అల్లుతున్నారు, కొని తెచ్చుకుని బాల్కనీలో కట్టుకోవచ్చు. గూడుపెట్టె పెట్టదలిస్తే రంధ్రం మూడు నుంచి మూడున్నర సెంటీమీటర్లు ఉండాలి, అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. పిల్లికి అందని ఎత్తులో, మధ్యాహ్నపు ఎండ, వానజల్లు పడని గోడకు బిగించాలి. రెండేళ్ళు ఖాళీగా ఉన్నా తీసేయవద్దు. మా పెట్టెలోకి మూడో ఏట వచ్చాయి.

మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా 2010 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు పెట్టెలు పంచడం మంచిదే, కాని దగ్గరలో గుబురు పొద, కాస్త మట్టి నేల లేకపోతే పెట్టె ఒక్కటే ఏమీ చేయలేదు.

ఏ ఆహారం పెట్టవచ్చు?

నూకలు, కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఉప్పు వేయని అన్నం కొద్దిగా పెట్టవచ్చు. మిక్చర్, చిప్స్, బిస్కెట్లు, నూనెలో వేయించినవి, నిలవ ఉండి పులిసినవి పెట్టకూడదు. గంటలోపు తినగలిగినంతే పెట్టి, మిగిలినది తీసివేయాలి. బస్తాల కొద్దీ గింజలు చల్లితే వచ్చేవి పావురాలు. అవి వందలుగా చేరిన చోట చిన్న పిట్టలకు చోటుండదు, ఎండిన రెట్ట ధూళి వల్ల మనుషులకు ఊపిరితిత్తుల జబ్బులు కూడా వస్తాయి. ఈ కారణంగా నేను గింజల కంటే నీళ్ళకు, చెట్లకు ఎక్కువ విలువ ఇస్తాను.

నీళ్ళు ఎలా పెట్టాలి?

వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే మట్టి మూకుడు అన్నిటికంటే మంచిది. నీళ్ళ లోతు రెండు అంగుళాలు దాటకూడదు, మధ్యలో ఒక గరుకు రాయి ఉంచితే చిన్నపిట్టలు, తేనెటీగలు దాని మీద నిలబడి తాగుతాయి. ప్లాస్టిక్ గిన్నెలు ఎండకు కాగిపోతాయి, వాటి అంచు మీద గోళ్ళు జారతాయి. మూకుడును నీడలో, కాని పొదకు ఆనుకోకుండా నాలుగైదు అడుగుల దూరంలో ఉంచాలి, లేకపోతే పిల్లి పొదలో పొంచి ఉంటుంది. రోజూ పాత నీళ్ళు పారబోసి, పీచుతో తోమి కొత్తవి పోయాలి. వారం రోజులు నిలిచిన నీళ్ళలో డెంగీ దోమ పుట్టి ఎగిరిపోతుంది, రోజూ మార్చే నీళ్ళలో ఆ భయం లేదు.

రోహిణి కార్తె ఎండల్లో మా మూకుడు దగ్గర వరుస ఉంటుంది. కాకి ముందు వస్తుంది, ఎండిన రొట్టెముక్కను నీళ్ళలో నానబెట్టుకుని పట్టుకుపోతుంది. గోరింకలు దిగి మూకుడు సగం ఖాళీ అయ్యేలా స్నానం చేస్తాయి. అవి వెళ్ళాక పిగిలిపిట్టల జంట, చివరికి ఉడుత. అది అంచు మీద ముందు కాళ్ళు ఆనించి, తోక గాలిలో నిలిపి, గుక్క గుక్కకూ తలెత్తి చూస్తూ తాగుతుంది.

ఏ మొక్కలు పెంచితే పక్షులు వస్తాయి?

చోటు ఉన్నవారు జామ, నేరేడు, సీతాఫలం, మునగ వేసుకోవాలి. మునగపూల కోసం తేనెపిట్టలు తెల్లవారకముందే వస్తాయి. కుండీల్లో పెంచేవారు మందారం, నూరువరహాలు పెట్టుకుంటే చాలు. ఊరి చివర రావి, మర్రి, మేడి కాపు మీద ఉన్నప్పుడు ఒక్క చెట్టు కింద గంట నిలబడినా పదిహేను రకాలు లెక్కపెట్టవచ్చు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి పూసిన బూరుగుచెట్టు దగ్గర కూడా అంతే. రాలిన ఆకును వెంటనే ఊడ్చి కాల్చవద్దని నా మనవి. ఆ ఆకు కింద ఉండే పురుగుల కోసమే నల్లంచి, జెముడుకాకి నేల మీదికి దిగుతాయి.

మన ఉడుతకు ఎన్ని చారలు? అన్ని ఉడుతలూ ఒకటేనా?

మన ఇళ్ళ దగ్గర తిరిగేది మూడు చారల ఉడుత. సేతువు కడుతున్నప్పుడు ఇసుకలో పొర్లి ఆ ఇసుకను వారధి మీద విదిలించిన ఉడుతను రాముడు మూడు వేళ్ళతో నిమిరాడని, ఆ గుర్తులే చారలని మనకు చిన్ననాడే చెబుతారు. ‘ఉడుతాభక్తి’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఉత్తర భారతంలో ఎక్కువగా కనిపించే రకానికి ఐదు చారలు ఉంటాయి. నల్లమల వంటి అడవుల్లో ఉండే బెట్టుడుత పూర్తిగా వేరు. పిల్లి అంత ఒళ్ళు, గుబురైన పొడవాటి తోకతో అది చెట్టు పైకొమ్మల్లోనే తిరుగుతుంది, నేలకు దిగడం అరుదు.

మన ఉడుత చలికాలంలో నిద్రపోదు, ఏడాదంతా పగటిపూట తిరుగుతుంది. గర్భకాలం సుమారు 34 రోజులు, సాధారణంగా రెండు మూడు పిల్లలు పుడతాయి. పుట్టినప్పుడు వాటికి వెంట్రుకలు ఉండవు, కళ్ళు తెరుచుకోవు. గూటి కోసం అది పడే పాటు చూడదగినది. మా గుమ్మం ముందున్న కొబ్బరిపీచు పట్టాను ఒక ఉడుత మూడు రోజులు వరుసగా పీకింది. ముందు కాళ్ళతో పీచును లాగి, పళ్ళతో తెంపి, రెండు చేతులతో ఉండలా చుట్టి నోట్లో కుక్కుకునేది. మూతి చుట్టూ మీసాల్లా పీచు వేలాడుతుండగా గోడ మీదుగా పరుగెత్తి, మోటారు షెడ్డు రేకు కింద దూరేది. ఆ పట్టాను నేను మార్చలేదు.

ఉడుత అంతసేపు ఆపకుండా ఎందుకు అరుస్తుంది?

చాలావరకు అది హెచ్చరిక. ప్రతి అరుపుకూ తోక ఎగరవేస్తూ ఒకే చోటికి చూస్తుంటే, అటువైపు పిల్లి, పాము లేదా డేగ ఉందని అనుకోవచ్చు. ఆ చూపు వెంట మీ చూపును పంపండి. మా పెరట్లో నేను డేగను చూసిన చాలాసార్లు ముందు చెప్పింది ఉడుతే. దాని అరుపుకు పిగిలిపిట్టలు కూడా గొంతు కలుపుతాయి, దర్జీపిట్ట ‘టువిట్, టువిట్’ అని పొద కదిలేలా గోల చేస్తుంది. ఒక్కొక్కప్పుడు జత కట్టే రోజుల్లో మూడు నాలుగు ఉడుతలు మాను చుట్టూ తరుముకుంటూ అరుస్తాయి, అప్పుడు భయపడవలసింది ఏమీ ఉండదు.

ఉడుతలు జామకాయలు పాడుచేస్తున్నాయి, వైర్లు కొరుకుతున్నాయి. ఏం చేయాలి?

వాటి ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. మీకు కావలసిన కాయలకు గుడ్డసంచి కట్టండి, వైర్లను గట్టి పైపులో వేయించండి, గోడలో సందులు మూసేముందు లోపల పిల్లలు లేవని చూసుకోండి. మందు పెట్టడం, జిగురు అట్టలు వేయడం క్రూరమైన పనులు, వాటిలో పక్షులు కూడా చిక్కుకుంటాయి.

గూటి నుంచి పిల్ల కింద పడితే ఏం చేయాలి?

ఈకలు వచ్చి, గెంతుతూ ఉన్న పిట్టపిల్ల చాలావరకు ఆపదలో లేదు. ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు దగ్గరలోనే ఉండి మేపుతుంటాయి. పిల్లిని, కుక్కను దూరంగా ఉంచి, పిల్లను దగ్గరి కొమ్మ మీద పెట్టి మీరు లోపలికి వెళ్ళండి. ఈకలు రాని పిల్లనైతే గూడు అందితే తిరిగి గూట్లో పెట్టాలి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరి గొట్టంలోకి పోయి చనిపోతుంది. పాలు అసలే పట్టకూడదు.

ఉడుత పిల్ల దొరికితే మెత్తని గుడ్డ వేసిన అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి, దొరికిన చెట్టు మొదట్లోనే కాస్త ఎత్తులో పెట్టి దూరం నుంచి చూడండి. తల్లి మెడ దగ్గర పట్టుకుని తీసుకుపోవడం నేను రెండుసార్లు కళ్ళారా చూశాను. ఆవుపాలు వాటికి అరగవు. సాయంత్రం దాకా తల్లి రాకపోయినా, ఒంటి మీద గాయం ఉన్నా పశువైద్యుని వద్దకు గాని, అటవీ శాఖ వారి వద్దకు గాని చేర్చాలి.

తేనెపిట్ట మా బట్టల తీగకు గూడు కట్టింది. తీసేయవచ్చా?

దయచేసి తీయవద్దు. సాలెగూటి పోగులు, ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టుతో ఆడది కట్టిన ఆ సంచికి పక్కన గుండ్రని ద్వారం, దాని పైన వాన పడకుండా చిన్న చూరు కూడా ఉంటాయి. గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా నెలకు అటూ ఇటూగా పడుతుంది. ఆ నెల బట్టలు వేరే చోట ఆరవేయండి. ఫోటో కోసం ఆకులు తప్పించడం, కొమ్మలు నరకడం చేస్తే గూడు కాకి కంట పడుతుంది.

చిలుకను పంజరంలో పెంచవచ్చా? దసరాకు పాలపిట్టను చూపించేవారికి డబ్బు ఇవ్వవచ్చా?

రెండూ తప్పే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి, పాలపిట్ట 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పక్షి. విజయదశమి నాడు పాలపిట్టను చూడడం శుభమని మనవారు ఊరి పొలిమేర దాటి, జమ్మిచెట్టు దాకా నడిచి వెళ్ళేవారు. తీగ మీద గోధుమరంగులో ముడుచుకుని కూర్చున్న పిట్ట ఒక్కసారిగా ఎగిరి, రెక్కల్లోని రెండు నీలాలను విప్పినప్పుడు కలిగే సంతోషమే ఆ ఆచారానికి ప్రాణం. కాళ్ళు కట్టి, రెక్కలు అతికించి పంజరంలో తిప్పే పిట్టలు పండుగ అయ్యేసరికి చాలావరకు చచ్చిపోతాయి.

సంక్రాంతి గాలిపటాల విషయం కూడా ఇక్కడే చెబుతాను. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. నూలు దారమే కొనండి, పండుగ మరునాడు చెట్లకు చిక్కిన దారాలను పిల్లలతో కలిసి తీయించండి.

పెరడు దాటి ఎక్కడికి వెళ్ళవచ్చు?

ముందు మీ ఊరి చెరువుకు. చలికాలంలో తోక ఆడించే కాటుకపిట్టలు చెరువుగట్టు మీద తిరుగుతాయి, గులాబి ఒంటి మీద నల్లని తల ఉన్న గోరింకలు జొన్నచేల మీద మబ్బులా వాలతాయి. హైదరాబాదులో ఉన్నవారికి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం, జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, నెల్లూరు ప్రాంతపు నేలపట్టు గూడబాతులకు, కొంగలకు పేరుపొందాయి. అనంతపురం వైపు వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊరివారు వాటిని ఇంటికి వచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు.

నేను రాసుకున్నది ఎవరికైనా ఉపయోగపడుతుందా?

తప్పకుండా పడుతుంది. 1931, 1932 సంవత్సరాల్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నాటి హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆనాడు ఎక్కడ ఏది ఉండేదో ఈనాడు పోల్చి చూడగలగడం ఆ రాతల వల్లే. ఇప్పుడు ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో ఎవరైనా తమ జాబితాను నమోదు చేయవచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో కనీసం పదిహేను నిమిషాలు చూసి, కనబడిన రకాలను, వాటి సంఖ్యలను పంపితే చాలు. గుర్తుపట్టలేని పిట్టను ఊహించి రాయవద్దు, ‘తెలియని పిట్ట’ అని రాసి దాని పరిమాణం, ముక్కు, తోక వివరంగా వర్ణించి ఉంచండి. నా మొదటి పుస్తకంలో అటువంటి తెలియని పిట్టలు పదకొండు ఉన్నాయి. వాటిలో తొమ్మిదింటికి తరువాత పేర్లు దొరికాయి, మిగిలిన రెండింటి కోసం ఇంకా చూస్తున్నాను.